హవాయి రాణి రాసిచ్చిన కాగితం

పిల్లలూ, 1863లో జేకబ్ చాంబర్లెన్ అనే అమెరికా దొర మన సోమలకు పొరుగున ఉన్న మదనపల్లెకు వచ్చాడు. మతం బోధించాడు, రోగులకు మందులిచ్చాడు. అప్పటికే ఇక్కడ ఇంగ్లీషువారి ప్రభుత్వం ఉన్నది. కనుక అమెరికా జెండాకు ఇక్కడ చోటు లేదు.

పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి దీవుల సంగతి వేరు. అక్కడ స్వంత రాజులుండేవారు. 1820లో అమెరికా మతబోధకులు ఆ దీవుల్లో దిగి, బడులు పెట్టి, అక్కడి భాషకు లిపి కూర్చారు. అది మంచి పనే. అయితే వారి కొడుకుల్లో కొందరు బోధన వదిలి చెరకు తోటలు వేశారు. చెరకు సంగతి మన జిల్లా పిల్లలకు చెప్పాలా? నీరూ, కూలీలూ ఉంటే చాలదు, సరుకు కొనేవాడుండాలి. ఇక్కడ కొనేది అమెరికా. 1875 నాటి ఒడంబడికతో హవాయి పంచదారకు అమెరికాలో సుంకం పోయింది. తోటల యజమానులు కుబేరులయ్యారు. 1887లో వారి పక్షంవారు ఆయుధాలతో బెదిరించి, రాజు అధికారాన్ని చాలావరకు లాగివేశారు.

తరవాత రాణి అయిన లిలియుఒకలాని ఆ అధికారాన్ని తిరిగి తెచ్చుకోబోయింది. 1893 జనవరి 16న అమెరికా యుద్ధనౌక నుంచి 160 మందికి పైగా సైనికులు ఒడ్డుకు దిగారు. మరునాడే తోటలవారి పక్షం రాణిని గద్దె దించింది. రక్తపాతం వద్దని ఆమె లొంగింది. కాని తాను లొంగినది వారికి కాదనీ, అమెరికా ప్రభుత్వ బలానికనీ కాగితం రాసిచ్చింది. రాణి తెలివి చూశారా! అధ్యక్షుడు క్లీవ్‌లండు విచారణ జరిపించి, జరిగింది అన్యాయమే అన్నాడు. అయినా రాజ్యం తిరిగి రాలేదు.

1898లో అమెరికాకు స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. ఫిలిప్పీన్సుకు పోయే ఓడలకు దారిలో మజిలీ కావలసివచ్చింది. ఆ ఏడే హవాయిని అమెరికా తనలో కలుపుకున్నది.

1993లో అమెరికా కాంగ్రెసు క్షమాపణ తీర్మానం చేసింది. రాణి కాగితంలోని మాటలను అందులో ఎత్తిరాశారు.