గృహక్రయంలో ధనరక్షణ

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఈ రెండు కార్యాలలోనూ వ్యయప్రయాసలు అంచనాకు అందవని ఆ సామెత భావం. ఇల్లు కట్టడమే కాదు, కట్టిన ఇంటిని కొనడం కూడా సామాన్య కుటుంబానికి అంతటి కార్యమే. ఏళ్ల తరబడి కూడబెట్టిన పొదుపు, భవిష్యనిధి నుండి తీసిన సొమ్ము, నగలు తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు - అన్నీ కలిసి ఒక్కనాడు ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు తరలిపోతాయి. ఆ ఒక్కనాటి కోసమే మోసగాళ్లు పొంచి ఉంటారు.

పూర్వం స్థిరాస్తి క్రయవిక్రయాలలో నోట్ల కట్టలు చేతులు మారేవి. 2015 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన ఆదాయపు పన్ను చట్ట సవరణ ఈ పద్ధతిని కట్టడి చేసింది. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదు రూపంలో స్వీకరించడం నిషిద్ధమైంది. కాబట్టి ఇంటి సొమ్ము బ్యాంకుల ద్వారానే నడవాలి. 2 లక్షల రూపాయలు, అంతకు పైబడిన మొత్తాలను పంపడానికి ఆర్.టి.జి.ఎస్. అనే విధానం ఉంది. 2020 డిసెంబరు నుండి ఇది రేయింబవళ్లు పనిచేస్తున్నది. ఈ వేగం కొనుగోలుదారుకు ఎంత మేలో, మోసగాడికి కూడా అంతే మేలు.

మోసం జరిగే తీరును ఒక ఉదాహరణతో గ్రహిద్దాం. విదేశంలో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు హైదరాబాదులో ఒక ఫ్లాటు కొంటున్నాడనుకొందాం. బేరసారాలు, పత్రాల పరిశీలన అన్నీ ఈమెయిలు ద్వారానే సాగుతున్నాయి. విక్రేత ఈమెయిలు రహస్య సంకేతపదాన్ని మోసగాడు ముందే దొంగిలించాడు. అతడు తొందరపడడు. ఉత్తర ప్రత్యుత్తరాలను వారాల తరబడి మౌనంగా చదువుతాడు. ధర ఎంతో, వాయిదా ఏనాడో, ఎవరు ఎవరిని ఏమని సంబోధిస్తారో తెలుసుకొంటాడు. సొమ్ము పంపవలసిన ముందురోజున విక్రేత పేరుతో ఒక ఉత్తరం వస్తుంది: 'నా పాత ఖాతాలో ఇబ్బంది ఉన్నది, ఈ కొత్త ఖాతాకు పంపండి.' మాటతీరులో తేడా లేదు. ఫ్లాటు సంఖ్య సరిగానే ఉంది. యువకుడు నమ్మి సొమ్ము పంపుతాడు. అసలు విక్రేత 'డబ్బు ఇంకా రాలేదేమి?' అని అడిగినప్పుడు గాని మోసం బయటపడదు. కొన్నిసార్లు ఈమెయిలు చిరునామాలో ఒక్క అక్షరాన్ని మార్చి కూడా ఇదే నాటకం ఆడతారు.

పేరు ఒకరిది, ఖాతా మరొకరిది అయినప్పుడు బ్యాంకు ఎందుకు ఆపలేదన్న సందేహం సహజం. సొమ్ము జమచేయడానికి గ్రహీత ఖాతా సంఖ్యనే ఆధారంగా తీసుకోవచ్చునని 2010 అక్టోబరులో భారతీయ రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది. ఖాతా సంఖ్యను సరిగా ఇచ్చే బాధ్యత పంపేవారిదయింది. అనగా మనం రాసే పేరు మన తృప్తికే. సొమ్మును నడిపించేది అంకెలే.

ఈ లోపాన్ని ఇతర దేశాలు కూడా ఎదుర్కొన్నాయి. ఇంగ్లండులో ఇళ్ల కొనుగోళ్లు తరచు శుక్రవారం నాడు పూర్తవుతాయి. వారాంతపు సెలవుల వల్ల మోసం సోమవారం దాకా తెలియదు. అందుచేత అక్కడ దీనికి 'శుక్రవారం మధ్యాహ్నపు మోసం' అన్న పేరే వచ్చింది. 2020లో అక్కడి పెద్ద బ్యాంకులు గ్రహీత పేరును ఖాతాతో సరిపోల్చి చూపే ఏర్పాటు చేశాయి. 2024 అక్టోబరు 7 నుండి ఇటువంటి మోసాలలో 85,000 పౌండ్ల వరకు బాధితులకు బ్యాంకులు తిరిగి చెల్లించాలన్న నిబంధన వచ్చింది. అయితే అక్కడ ఎన్నో ఇళ్ల ధర ఆ పరిమితిని దాటుతుంది. కాబట్టి చట్టం ఉన్నచోట కూడా జాగ్రత్త తప్పదు. అమెరికాలో ఇళ్లు కొనే తెలుగువారికి సైతం ఇటువంటి నకిలీ ఉత్తరాల బెడద ఉన్నది.

మన దేశంలో యు.పి.ఐ. చెల్లింపులలో గ్రహీత పేరు ముందుగానే కనిపిస్తుంది. ఆర్.టి.జి.ఎస్., నెఫ్ట్ విధానాలలో కూడా 2025 ఏప్రిల్ 1 లోగా ఈ సౌకర్యం కల్పించాలని 2024 డిసెంబరు 30న రిజర్వు బ్యాంకు ఆదేశించింది. దీనికి రుసుము లేదు. బ్యాంకు శాఖకు వెళ్లి సొమ్ము పంపేవారు కూడా దీనిని కోరవచ్చు. ఇంటిపత్రాలలోని పేరు, తెరపై కనిపించే పేరు ఒకటి కానప్పుడు సొమ్ము పంపరాదు.

కొనుగోలుదారు పాటించవలసిన నియమాలు మరికొన్ని ఉన్నాయి. విక్రేత ఖాతా వివరాలను మొదటి సమావేశంలోనే స్వయంగా తీసుకొని, కరారుపత్రంలో రాయించుకోవాలి. తరువాత ఖాతా మారిందని ఎవరు చెప్పినా, ముందునుండి తెలిసిన ఫోను నంబరుకు పిలిచి విచారించాలి. ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు పిలిస్తే అవతల పలికేది మోసగాడే కావచ్చు. ముందుగా స్వల్ప మొత్తం పంపి, అది చేరినట్లు విక్రేత నోట విన్న తరువాతనే మిగిలినది పంపాలి. వీలైనచోట రిజిస్ట్రేషన్ నాడు విక్రేత పేరిట తీసిన బ్యాంకు డ్రాఫ్టును సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో స్వహస్తాలతో అందించడం మేలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొనేవారికి 2016 నాటి స్థిరాస్తి చట్టం అండగా ఉంది. రిజిస్టరు చేసిన కరారు లేనిదే ధరలో పది శాతానికి మించి బిల్డరు వసూలు చేయరాదు. కొనుగోలుదారుల నుండి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. కనుక సొంత ఖాతాకు పంపమని కోరే మధ్యవర్తిని అనుమానించాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా మోసం జరిగితే కాలమే కీలకం. దొంగసొమ్ము గంటల వ్యవధిలోనే అనేక ఖాతాలకు చీలిపోతుంది. వెంటనే తన బ్యాంకుకు తెలిపి, 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆ ఫిర్యాదు సంబంధిత బ్యాంకులకు చేరితే, అప్పటికి ఖాతాలో మిగిలి ఉన్న సొమ్మును నిలుపుదల చేయగలుగుతారు. సిగ్గుపడి దాచుకొన్న ప్రతి గంటా దొంగకు లాభమే.

ఇల్లు కొనే వయసు రాలేదు గదా అని విద్యార్థులు ఈ విషయాన్ని ఉపేక్షించరాదు. దొంగసొమ్ము నిలవడానికి మోసగాడికి ఇతరుల ఖాతాలు కావాలి. 'నీ ఖాతా నాలుగు రోజులు ఇయ్యి, కొంత కమీషను ఇస్తాను' అని అతడు ఆశచూపేది తరచు యువకులకే. ఖాతాను అద్దెకిచ్చినవాడు చేతికందేది కొద్ది వేలే అయినా నేరంలో భాగస్వామి అవుతాడు. పోలీసుల విచారణ మొదట అతని ఇంటి తలుపే తడుతుంది. అతని ఖాతా గుండా పోయిన సొమ్ము ఒక కుటుంబం నిలువనీడ కోసం దాచుకొన్నదని గుర్తించాలి. తన ఖాతాను పరులకు ఇవ్వకపోవడం, సొమ్ము పంపబోయే తల్లిదండ్రులను 'ఒకసారి ఫోను చేసి అడగండి' అని ఆపడం - ఈ రెండూ నేటి విద్యార్థి చేయగల పనులే. మొదటిది పరుల ఇంటిని కాపాడుతుంది. రెండవది తన ఇంటిని నిలబెడుతుంది.