ఆకుపచ్చ తెర – ఫోటోలో వెనుకటి దృశ్యము



పూర్వము ఫోటో తీయించుకొనుటకు స్టూడియోకు పోయినవారు పెక్కుమంది రంగుల తెర ముందు నిలిచినవారే. ఆ తెరపై కొండలో, కొలనో, మేడ స్తంభములో చిత్రింపబడి యుండెడివి. అది బొమ్మయని చూచువారికి తెలియును గనుక అందు మోసము లేదు. నేడు ఏ బొమ్మయు లేని ఒట్టి ఆకుపచ్చ గుడ్డ వచ్చినది. దాని ముందు నిలిచిన మనిషిని కంప్యూటరులో ఏ దేశమునందైనను నిలిపి చూపవచ్చును. ఈ పని యెట్లు జరుగునో పెద్దలు తెలిసికొనుట యవసరమని నా తలంపు. ఏలయనగా, పెండ్లి సంబంధమునకైనను, స్థలము బేరమునకైనను నేడు ముందుగా మన చేతికి వచ్చునది ఫోటోయే.

కంప్యూటరునకు ఫోటో యనగా లక్షలకొలది చుక్కలు. ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల పాళ్లు సాధారణముగా 0 మొదలు 255 వరకు అంకెలలో నుండును. గుడ్డమీది యొక చుక్కలో ఎరుపు 60, ఆకుపచ్చ 180, నీలము 70 అనుకొందము. ఆకుపచ్చనుండి తక్కిన రెంటిలో పెద్దదియగు 70 తీసివేయగా 110 మిగులును. ముఖముమీది చుక్కలో ఎరుపు 200, ఆకుపచ్చ 150, నీలము 120 అనుకొందము. ఇచట తీసివేయగా మిగులేమియు లేదు. మిగులు హెచ్చుగా నున్న చుక్కను యంత్రము గుడ్డగా నెంచి తొలగించును. మిగులు లేని చుక్కను ఉంచును. వెండ్రుకల అంచున మిగులు కొద్దిగా నుండును గనుక అచట సగము తొలగించును. పిదప వెనుక పరచిన క్రొత్త దృశ్యము ఆ ఖాళీలగుండ కానవచ్చును.

ఆకుపచ్చయే యేల? మనుష్యుల మేనిచాయ యెట్టిదైనను అందు ఎరుపు పాలే హెచ్చు. అదిగాక, డిజిటల్ కెమెరాలలో పెక్కింట ఎరుపునకు, నీలమునకు ఉన్నదానికి రెట్టింపు గండ్లు ఆకుపచ్చకుండును. ఫిల్ము కాలమున నీలి తెరకే ప్రాధాన్యము. 1940లో వచ్చిన థీఫ్ ఆఫ్ బాగ్దాద్ అను ఆంగ్ల చిత్రమున లారీ బట్లర్ ఆ పద్ధతిని వాడి ఆస్కారు బహుమతి పొందెను.

మా కంకిపాడు చుట్టును పచ్చని వరిచేలుండగా గుడ్డ యెందులకని మీరడుగవచ్చును. చేనిలోని పచ్చ ఒక్కటి కాదు. లేత ఆకులో పసుపు కలిసియుండును, మొదట నీడ యుండును, పైన ఆకాశపు వెలుగు పడును. యంత్రమునకు కావలసినది అంతటను ఒక్కటే రంగు. జల్లెడకు బియ్యమేదో రాయియేదో తెలియదు. రంధ్రము కొలతయే తెలియును. అట్లే యీ యంత్రమునకు మనిషి తెలియడు, రంగే తెలియును. ఆకుపచ్చ పట్టుచీర కట్టిన పెండ్లికూతురిని ఆ గుడ్డ ముందు నిలిపినచో, చీర మాయమై ముఖమును చేతులును మాత్రమే మిగులును.

కావున ఈ పని చేయు యువకులు గుడ్డను ముడుతలు లేకుండ కట్టవలెను. గుడ్డకు వేరుగ, మనిషికి వేరుగ దీపములుంచవలెను. మనిషిని అయిదారడుగులు ముందుకు నిలుపవలెను. లేనిచో గుడ్డ వెలుగు చెవులమీదను తెల్లని పంచె అంచులమీదను పడును. జింప్ వంటి ఉచిత సాధనములతోనే పని సాగును. ఖాళీ నిలుచుటకు పటమును పీఎన్‌జీ రూపమున దాచవలెను. జేపెగ్ రూపమున ఖాళీ నిలువదు.

మన సినిమాలు ఈ విద్యను చక్కగా వాడుకొన్నవి. 1957లో మాయాబజారునకు మార్కస్ బార్ట్లే కెమెరాతోనే మాయలు పన్నెను. 2015లో వచ్చిన బాహుబలిలో రంగు తెరల ముందు నటించినవారి వెనుక మాహిష్మతీ నగరమును కంప్యూటరున నిర్మించిరి. అది కల్పనయని యెరిగియే మనము టిక్కెట్టు కొందుము. చిక్కంతయు చెప్పక చేసినచోటనే కలదు.

ఒకమారు ఒక సంబంధము విషయమున నాకు వరుని ఫోటో చూపిరి. వెనుక గొప్ప మేడ. మేడ నీడ కుడివైపున పడుచున్నది. వరుని ముక్కు నీడ ఎడమవైపున నున్నది. కాళ్లక్రింద నీడయే లేదు. “వరుడు మంచివాడు కాడని నేననను. స్టూడియోవాడు ముచ్చటకై చేసినను చేసి యుండవచ్చును. ఫోటోను ప్రక్కనుంచి, మనిషిని పంపి ఇల్లు చూచి రండు” అని చెప్పితిని.

మీరును నీడల దిక్కును, పాదముల క్రింది నీడను, వెండ్రుకల అంచును పరిశీలింపుడు. అయితే ఈ గురుతులు లేనంత మాత్రమున ఫోటో నిజమని నమ్మరాదు. రంగుగుడ్డ లేకయే మనిషిని వేరుచేయు సాధనములు నేడు సెల్‌ఫోనులలోనే యున్నవి. కావున సంబంధమునకు ఇరుగుపొరుగును విచారింపుడు; స్థలమునకు హద్దురాళ్లను కన్నులార చూచి, దస్తావేజు చదివి, ఆ పిమ్మటనే బయానా ఇండు.