మింగిన ముద్ద దిగనప్పుడు

ముద్ద గొంతు దాటుతుంది కానీ గుండెల దగ్గర ఆగిపోతుంది. గుక్కెడు నీళ్లు తాగితే అవీ అక్కడే నిలుస్తాయి. ఈ బాధకు మన దగ్గర ముందుగా వినిపించే పేరు ‘గ్యాస్’. నెలల తరబడి యాసిడ్ తగ్గించే మాత్రలు మింగుతారు. తిండి తగ్గి, మనిషి చిక్కిపోతాడు. రాత్రి పడుకున్నాక అరగని మెతుకులు పైకి వచ్చి దిండు తడుస్తుంది, పొలమారి మెలకువ వస్తుంది. ఆ దగ్గు చూసి ఊపిరితిత్తుల డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్లూ ఉన్నారు. అసలు జబ్బు అకలేషియా అని తేలేసరికి కొందరికి ఏళ్లు గడిచిపోతాయి. ఏటా లక్ష మందిలో దాదాపు ఒకరికే కొత్తగా వచ్చే జబ్బు ఇది. అరుదైనదే, కానీ మంచి చికిత్స ఉన్న జబ్బు. అందుకే ఈ ఆలస్యం మరీ బాధ కలిగిస్తుంది.

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల కండరాల గొట్టం. గుటక వేయగానే ఆ కండరాలు పైనుంచి కిందికి వరసగా ముడుచుకుంటూ ముద్దను దాదాపు 10 సెకన్లలో పొట్టలోకి నెట్టేస్తాయి. తలకిందులుగా ఉన్నా మింగగలిగేది అందుకే. కింద, పొట్ట మొదలయ్యే చోట ఉండే బిగుతు కండరం చెరువు తూములాంటిది. మామూలుగా మూసుకునే ఉండి, మింగినప్పుడు మాత్రం వదులవుతుంది. దాన్ని వదులు చేసేవి అన్నవాహిక గోడలోని నాడీకణాలు. అవి విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడే ఆ కండరానికి అందే సంకేతం. అకలేషియాలో ఈ కణాలు నశిస్తాయి. కింద తూము తెరుచుకోదు, పైన కండరాల అల పుట్టదు. కణాలు ఎందుకు నశిస్తాయో చాలామందిలో తేలదు. దక్షిణ అమెరికాలో మాత్రం షాగస్ అనే పరాన్నజీవి వ్యాధి ఇదే పరిస్థితి తెస్తుంది.

డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్నకు ఖర్చేమీ లేదు: అడ్డం పడేది ముద్దలా, నీళ్లా? మొదట ముద్దలు దిగక, పోనుపోనూ నీళ్లు కూడా కష్టమైతే దారి ఇరుకవుతోందన్నమాట. అప్పుడు క్యాన్సర్ సంగతి వెంటనే తేల్చుకోవాలి. మొదటినుంచీ రెండూ అడ్డం పడుతుంటే కండరాల కదలికలో లోపాన్ని అనుమానించాలి. ఎలాగైనా ఎండోస్కోపీ తప్పదు. పొట్ట ముఖద్వారం దగ్గర పెరిగే గడ్డ అచ్చం అకలేషియాలా కనిపించి మోసం చేయగలదు. అయితే జబ్బు తొలిదశలో ఎండోస్కోపీ ‘నార్మల్’ అని రావచ్చు. ఆ కాగితం చూసి రోగిని ఇంటికి పంపేయడమే అసలు పొరపాటు.

తర్వాత బేరియం పరీక్ష. తెల్లటి ద్రవం తాగించి ఎక్స్‌రే తీస్తే, ఉబ్బిన అన్నవాహిక కింద పక్షి ముక్కులా సన్నబడి కనిపిస్తుంది. 5 నిమిషాల తర్వాత కూడా ద్రవం ఎంత ఎత్తున నిలిచి ఉందో కొలుస్తారు. ఖాయంగా తేల్చేది మాత్రం మానోమెట్రీ. సెంటీమీటరుకొకటి చొప్పున ఒత్తిడిని కొలిచే 36 సెన్సర్లున్న సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి పొట్టదాకా దించుతారు. మత్తు ఇవ్వరు. అది దిగేటప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టవుతుంది. గొట్టం కుదురుకున్నాక పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నీళ్లు మింగిస్తారు. తెరమీద తక్కువ ఒత్తిడి నీలంగా, ఎక్కువ ఒత్తిడి ఎర్రగా కనిపిస్తుంది. ఆరోగ్యవంతుల్లో ప్రతి గుటకకూ ఒక రంగుల పట్టీ పైనుంచి కిందికి ఏటవాలుగా సాగుతుంది. అకలేషియాలో ఆ పట్టీ ఉండదు. కింద తూము దగ్గరి ఒత్తిడి తగ్గదు. దీన్ని బట్టే జబ్బును మూడు రకాలుగా విడదీస్తారు. చికిత్స ఎంపికకు అది ముఖ్యం.

ఈ జబ్బును 1674లోనే వర్ణించిన ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్, తిమింగలం ఎముక పుల్ల చివర స్పాంజి కట్టి, తిన్న ప్రతిసారీ దానితో ఆహారాన్ని కిందికి తోసుకోమని ఒక రోగికి ఇచ్చాడు. అతను 15 ఏళ్లు అలాగే తిన్నాడట. ఆ మనిషి ఓర్పుకు దండం పెట్టాలి. 1913లో జర్మనీలో ఎర్నెస్ట్ హెల్లర్ ఆ బిగుతు కండరాన్నే కోసి వదులు చేశాడు. ఇప్పుడా ఆపరేషన్ లాపరోస్కోపీతో చేస్తున్నారు. 30 నుంచి 40 మిల్లీమీటర్ల బెలూన్‌తో సాగదీయడం మరో పద్ధతి. అందులో గోడ చిరిగే ముప్పు కొద్దిగా ఉంది. బోటాక్స్ ఇంజెక్షన్ ప్రభావం సాధారణంగా ఏడాదిలోపే తగ్గిపోతుంది కాబట్టి ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకే నయం.

2008లో జపాన్‌కు చెందిన హరుహిరో ఇనోవే ‘పోయెమ్’ అనే పద్ధతి మొదలుపెట్టారు. నోటిగుండా ఎండోస్కోపు పంపి, అన్నవాహిక లోపొర కింద సెలైన్ ఎక్కించి, చిన్న గాటు పెట్టి, గోడలోనే సొరంగం తవ్వుకుంటూ పొట్ట మొదటిదాకా వెళ్లి కండరాన్ని కోస్తారు. గాటును క్లిప్పులతో మూసేస్తారు. బయట ఒక్క కోత కూడా ఉండదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు దీన్ని వందల మందికి చేసి ఫలితాలను వైద్య పత్రికల్లో ప్రచురించారు.

2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో రెండేళ్ల తర్వాత పోయెమ్ 83 శాతం మందికి, లాపరోస్కోపీ ఆపరేషన్ 82 శాతం మందికి ఫలించాయి. కానీ యాసిడ్ పైకెగసి అన్నవాహిక ఒరిసిపోవడం పోయెమ్ తర్వాత 44 శాతం మందిలో, ఆపరేషన్ తర్వాత 29 శాతం మందిలో కనిపించింది. ఈ సంగతి రోగికి ముందే చెప్పాలి. ఇంకొకటి కూడా చెప్పాలి: ఏ చికిత్సా చచ్చిన నాడీకణాలను తిరిగి తేలేదు. దారి తెరుచుకున్నాక ముద్ద ఎక్కువగా తన బరువుతోనే దిగాలి. కాబట్టి నిటారుగా కూర్చుని, బాగా నమిలి, మధ్యమధ్య నీళ్లు తాగుతూ తినాలి. తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకూడదు. యాసిడ్ మాత్రలు కొందరికి నిజంగానే అవసరమవుతాయి. మింగడం బాగానే ఉందనిపించినా బేరియం, ఎండోస్కోపీ పరీక్షలకు డాక్టరు పిలిచినప్పుడల్లా వెళ్లాలి.