మీకు తెలుసా? కాలంతో పాటు కుక్క, పిల్లి పక్కా మారాలి!

ఎండాకాలం, వానాకాలం, చలికాలం... కాలాన్ని బట్టి మన దుప్పట్లు మారతాయి. ఇంట్లో కుక్క, పిల్లి పడుకునే పక్క మాత్రం చాలా ఇళ్లలో ఏడాది పొడవునా అదే మూలన, అలాగే ఉంటుంది. నోరులేని ఆ జీవుల హాయి మన చేతుల్లోనే ఉంది కాబట్టి ఈ సంగతులు తెలుసుకుందాం.

● కుక్క మామూలు ఒంటి వేడే దాదాపు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనకైతే అది జ్వరం! దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ, చల్లని నేలకు పొట్ట ఆనిస్తూ వేడిని వదిలించుకుంటుంది. రోహిణి కార్తెలో మెత్తటి పరుపు వదిలి బాత్రూం గుమ్మంలో పడుకునేది అందుకే. ఆ రోజుల్లో పరుపు తీసేసి, నీడపట్టున బండల మీద పలచటి నూలు బట్ట పరిస్తే చాలు. చిన్న నులక మంచమైతే మరీ మంచిది, కింది నుంచీ గాలి ఆడుతుంది.

● పిల్లి లెక్క వేరు. ఒంటి వేడి నిలుపుకోవడానికి అదనంగా శక్తి ఖర్చు పెట్టే పని లేకుండా అది హాయిగా ఉండేది సుమారు 30 డిగ్రీల సెల్సియస్ పైన. మనం 24 దగ్గర ఏసీ పెట్టుకున్న గది దానికి చలిగదే. సెట్‌టాప్ బాక్సు మీదకెక్కి పడుకునేది ఆ వెచ్చదనం కోసమే. అట్టపెట్టెలో పాత దుప్పటి మడిచి వేసి, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టండి.

● కుక్క మీద చేరే ఫ్లీ పురుగుల గుడ్లు బొచ్చుకు అంటుకుని ఉండవు. జారి పక్కలో పడి అక్కడే పిల్లలవుతాయి. వానాకాలపు చెమ్మ, వెచ్చదనం వాటికి బాగా కలిసొస్తాయి. కుక్కకు మందు వేసి పక్కను వదిలేస్తే సగం పనే అయినట్టు. వారానికోసారి గలేబు విప్పి వేడినీళ్లలో ఉతకాలి. ముసురు పట్టినప్పుడు తొందరగా ఆరదు కాబట్టి రెండో గలేబు దగ్గర ఉంచుకోవాలి. తడి ఆరని పక్క వేయకూడదు.

● రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద నుంచి దిగిపోయి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కుక్కలకు ప్రాణాంతకమయ్యే ఎర్లీకియా జ్వరాన్ని మోసేవి ఈ పిడుదులే. పక్కను గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా వేయండి. చుట్టుపక్కల పగుళ్లకు సిమెంటు పూయించండి.

● పక్క చుట్టూ ఫినాయిల్‌తో తుడుస్తున్నారా? పిల్లి ఉన్న ఇంట్లో వద్దు. ఫినాల్ రకం రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటినది నాకినా ప్రమాదమే. చలికాలపు పరుపులు దాచేటప్పుడు కలరా ఉండలూ వేయకండి, అవి కుక్కలకూ పిల్లులకూ విషం.

● చలికి కుక్క ముడుచుకుని, ముక్కును తోక కింద దాచుకుంటుంది. గాలి తగిలే ఒంటి భాగం అలా తగ్గుతుంది. అలా కనిపించిన రాత్రి పక్కను నేల నుంచి కాస్త ఎత్తులో వేసి, పైన కంబళి పరచండి. ముసలి కుక్కలకు, బరువైన జాతులకు మందపాటి పరుపు తప్పనిసరి. గట్టి నేల మీద పడుకుని పడుకుని వాటి మోచేతులు కాయలు కాస్తాయి, ఒక్కోసారి నీరు చేరి వాస్తాయి.

● వీధి కుక్కకు చలికాలంలో ఏదైనా వేయాలనుకుంటే పాత దుప్పటి కన్నా ఎండు వరిగడ్డి మేలు. బట్ట మంచును, తడిని పీల్చి ఇంకా చల్లబడుతుంది. గడ్డి పరకల మధ్య గాలి నిలిచి వెచ్చదనం పట్టి ఉంచుతుంది. అరుగు కిందో మెట్ల కిందో, వాన పడని చోట ఒక మోపు గడ్డి పరిచి, తడిసినప్పుడు మార్చండి. పైసా ఖర్చు లేని ఈ సాయంతో ఒక ప్రాణి రాత్రంతా వణకకుండా నిద్రపోతుంది.