గ్రంథకర్తను విడిచి గ్రంథమును చదువవచ్చునా?

1961వ సంవత్సరమున ఆకాశవాణి తన పటేల్ స్మారకోపన్యాసములకు వెరియర్ ఎల్విన్ గారిని ఆహ్వానించినది. ఆయన ఎన్నుకొన్న విషయము ప్రేమతత్త్వము. ఆ ప్రసంగములు మరుసటి యేడు పుస్తకముగా వెలువడినవి. ఈ వక్తయే 1940లో, తమ ముప్పదియేడవ యేట, తాము నడపుచుండిన బడిలో చదివిన కోసీ అను రాజగోండు కన్యను వివాహమాడిరి. 1949లో ఆమె పరోక్షమున కలకత్తా హైకోర్టులో విడాకులు పొందిరి. ఈ రెండు సంగతులను ఒకచోట చేర్చి చూచిన చదువరి కొంత కలవరపడక మానడు. అట్టి వాని పుస్తకములను ఎట్లు చదువవలెనన్న ప్రశ్న పత్రికలలో అప్పుడప్పుడు తలయెత్తుచునే యున్నది.

మనకు ఇది దూరపు ముచ్చట కాదు. అరకులోయ దాటి మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము వరకు పోయినవారు ఒనకడిల్లి సంతకు దిగివచ్చు బోండాలను చూచియే యుందురు. వారిని గూర్చి ఎల్విన్ గారి పెద్ద గ్రంథము 1950లో వెలువడినది. ఒరిస్సా గిరిజనుల పురాణకథల సంపుటము 1954లోను, సవరల మతమును గూర్చిన గ్రంథము 1955లోను వచ్చినవి. సవరలు మన శ్రీకాకుళము, పార్వతీపురము కొండలలోను కలరు. 1902లో ఇంగ్లండులోని డోవరులో పుట్టి, 1927లో క్రైస్తవ సేవకుడుగా పూనాకు వచ్చి, గాంధీజీకి ఆప్తుడై, మతసంస్థను విడిచి గోండులలో కాపురముండిన మనిషి ఆయన. 1954లో భారతపౌరుడైనారు. గిరిజనులకై నెలకొల్పిన ప్రత్యేక బహుళార్థసాధక బ్లాకులను పరిశీలించి 1960లో నివేదిక యిచ్చిన సంఘమునకు ఆయనయే అధ్యక్షులు. ఆ బ్లాకులలో అరకు ఒకటి.

కవిని, కావ్యమును విడదీయుట కొంత సులభము. చలము గారిని గడప త్రొక్కనీయని ఇండ్లలోనే ఆయన నవలలు తలగడల క్రింద దాగియుండెడివని పెద్దలు నవ్వుచు చెప్పుదురు. నవలలోని నాయిక నిజముగా ఉన్నదని నమ్ముమని రచయిత మనలను కోరడు. ఎల్విన్ గారి గ్రంథములు అట్టివి కావు. "నేను వారి నడుమ నుంటిని, కన్నులార చూచితిని" అనుటయే వాని ప్రమాణము. చూచిన కన్ను ఎట్టిదో అడుగకుండ ఆ చూపును మాత్రము స్వీకరించుట ఎట్లు?

అయినను గ్రంథమంతయు ఒక్క ముద్ద కాదు. సీతాదేవి స్నానమాడుచుండగా చూచి నవ్విన బోండాస్త్రీలకు శాపము తగిలి జుట్టు, బట్ట పోయినవనియు, వారు వేడుకొనగా ఆమె తన చీరనుండి ఒక పేలిక చింపి యిచ్చెననియు కథ యొకటి కలదు. ఆ కథ ఎల్విన్ గారిది కాదు, బోండాలది. చనిపోయినవారికై, దేవతలకై సవరలు ఇంటిగోడలపై వ్రాయు చిత్రములును అంతే. వానిని ఆయన ఎంతో ఓపికతో సేకరించిరి. ఇక్కడ ఆయన లేఖకుడు మాత్రమే. లేఖకుని నడవడికి కోపించి ఆ పుటలను మూసివేసినచో నష్టపోవునది కొండవారే.

లేఖకుడు కూడ భాష నెరిగియుండవలెను గదా! మన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరభాషను చిరకాలము నేర్చి 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. ఎల్విన్ గారు సవరల నడుమ దుబాసీల సాయముతో పని గడపిరి. పుస్తకపు విలువను కొలుచునపుడు ఈ లోపము కూడ తక్కెడలో పడవలసినదేనని మా అభిప్రాయము. వివాహపు ముచ్చట నడుమ దీనిని ఎవరును తలపెట్టరు.

ఇక ఆయన తీర్పులు వేరు. బోండాలు క్షణికకోపులు, హత్యకు వెనుదీయరు అని ఆయన గీసిన చిత్రమును యాత్రికులు నేటికిని వల్లించుచునే యున్నారు. కొండస్త్రీల స్వేచ్ఛను, ప్రణయమును, పెండ్లిని, విడాకులను గూర్చి ఆయన మెచ్చుకోలుగా వ్రాసిన పుటలును ఇట్టివే. అక్కడ కోసీ గుర్తుకు రాక తప్పదు. 1964లో వెలువడి, మరుసటి యేడు, ఆయన మరణానంతరము, సాహిత్య అకాడమీ బహుమతి నందిన స్వీయచరిత్రలో ఆమెకు దక్కిన చోటు అత్యల్పము. అది గ్రంథకర్త దోషము మాత్రమే కాదు, గ్రంథములోని కొరత కూడ. ఒక గిరిజనస్త్రీతో తొమ్మిదేండ్ల దాంపత్యమును దాటవేసిన పుస్తకము, గిరిజన దాంపత్యమును గూర్చి అన్నియు చెప్పినదని ఎట్లు నమ్ముదుము?

ఆయన బ్రతికియుండగా పండితులు పట్టుకొన్న తగవు ఇది కాదు. గిరిజనులను లోకమునుండి వేరుపరచి ఉంచగోరుచున్నాడని 1943లో ఆచార్య ఘుర్యే గారు ఆక్షేపించిరి. తరువాత నెహ్రూ గారు ఆయన గ్రంథమునకు పీఠిక వ్రాసి గౌరవించిరి. ఆ వాదప్రతివాదములలో కోసీ ఊసు లేదు. ఆమెను గూర్చి పత్రికలు విచారించినది చాలకాలమునకు.

నిందించినవారును, వెనుక వేసుకొనివచ్చినవారును ఇంతవరకు కొండ క్రింది వారే. కొండపై నేడు పట్టభద్రులున్నారు, ఉపాధ్యాయులున్నారు. గోడచిత్రములలోని ఒక్కొక్క ఆకృతికి అర్థము చెప్పగల వృద్ధులు సవరపల్లెలలో ఉన్నారు. ఆ గ్రంథమును సవరభాషలో వారికి చదివి వినిపించి, ఏది సరి, ఏది కాదో వారి నోటనే పలికించి ధ్వనిముద్రణము చేయవచ్చును. ఇది రేడియో చేయదగిన పని. బోండాలను మొట్టమొదట అడుగవలసినది వారి కోపమును గూర్చి కాదు, సీతాదేవి కథను వారి అవ్వలు ఎట్లు చెప్పెడివారో.