టెయిల్ కాల్ తప్పినప్పుడు కంపైలర్ నోరు విప్పిన కథ

ఒక ఫంక్షన్ మరో ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా, పని అయ్యాక ఎక్కడికి తిరిగి రావాలో, అప్పటికి చేతిలో ఉన్న విలువలేమిటో కంప్యూటర్ స్టాక్‌లో దాచుకుంటుంది. తనను తానే లక్షలసార్లు పిలుచుకునే ఫంక్షన్ అయితే అన్ని పొరలూ పేరుకుని, జాగా చాలక ప్రోగ్రాము కూలిపోతుంది. కానీ ఆ పిలుపే ఫంక్షన్ చేసే ఆఖరి పని అయితే దాచాల్సిందేమీ ఉండదు. "జవాబు నాకు కాదు, అడిగినవాళ్లకే నేరుగా చెప్పు" అని పని అప్పగించి తప్పుకున్నట్టే. ఇదే టెయిల్ కాల్.

1975లో ఎంఐటీలో జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ స్కీమ్ భాషను తయారుచేశారు. ఫంక్షన్ పిలుపు ఖరీదైనదన్నది భ్రమేనని, దాన్ని విలువలు మోసుకెళ్లే గోటూగా మార్చవచ్చని 1977లో స్టీల్ ఒక పత్రంలో వాదించాడు. టెయిల్ కాల్స్‌ను ఇలా మార్చడాన్ని స్కీమ్ ప్రమాణం తప్పనిసరి చేసింది. సీ, సీ++ కంపైలర్లకు మాత్రం అలాంటి నిర్బంధం లేదు. కుదిరితే మారుస్తాయి, లేకపోతే ఊరుకుంటాయి.

ఆ ఊరుకోవడమే అసలు ప్రమాదం. చూడటానికి ఆఖరిదిగా కనిపించే పిలుపు నిజానికి ఆఖరిది కాకపోవచ్చు. ఫాక్టోరియల్‌లో పిలుపు తిరిగొచ్చాక గుణకారం మిగిలే ఉంటుంది. అదైనా కంటికి కనిపిస్తుంది. సీ++లో పిలుపు ముగిశాక నడవాల్సిన డిస్ట్రక్టర్ ఆ వరుసలో ఎక్కడా కనిపించదు. లోకల్ వేరియబుల్ చిరునామాను అవతలి ఫంక్షన్‌కు ఇస్తే, పాత పొరను చెరిపేయడానికి వీల్లేదు. ఆప్టిమైజేషన్ పెట్టి నడిపితే బాగున్న ప్రోగ్రాము, డీబగ్ బిల్డ్‌లో కూలిపోవచ్చు. ఇన్ని కారణాలున్నా రాసినవాడికి ఒక్కటీ తెలిసేది కాదు.

2010లో వచ్చిన స్కాలా 2.8 దీనికి ఒక మంచి దారి చూపింది. ఫంక్షన్‌కు టెయిల్‌రెక్ అనే గుర్తు పెడితే, దాన్ని లూప్‌గా మార్చలేకపోయినప్పుడు కంపైలర్ దోషం చూపి ఆగిపోతుంది. కారణమూ చెబుతుంది: పిలుపు ఆఖరి స్థానంలో లేదనో, ఈ మెథడ్‌ను వారసుల్లో ఎవరైనా మార్చి రాసే వీలుందనో. కాట్లిన్ అదే పేరుతో కీవర్డ్ తెచ్చినా, పిలుపు ఆఖరి స్థానంలో లేకపోతే హెచ్చరికతో సరిపెట్టింది. ప్రోగ్రాము కూలేచోట హెచ్చరిక చాలదని నా అభిప్రాయం.

సీ, సీ++ వైపు 2021లో క్లాంగ్ 13 కంపైలర్, పిలుపును తప్పక టెయిల్ కాల్‌గానే మార్చాలని చెప్పే మస్ట్‌టెయిల్ అనే గుర్తు తెచ్చింది. రెండు ఫంక్షన్ల ఆర్గ్యుమెంట్లు పొసగకపోతే ఏ వరుసలో తప్పిందో అది చూపుతుంది. చిక్కల్లా ఆ తర్వాతి దశలో వచ్చింది. ఫలానా ప్రాసెసర్‌కు కుదరదని చివర్లో తేలితే, మస్ట్‌టెయిల్ పిలుపును మార్చలేకపోయామన్న ఒక్క వాక్యంతో కంపైలర్ ఆగిపోయేది. ఫైలు పేరు, వరుస సంఖ్య ఉండేవి కావు. వేల వరుసల కోడ్‌లో అలాంటి సందేశం ఎవరికి పనికొస్తుంది?

2025లో జీసీసీ 15 కంపైలర్ కూడా మస్ట్‌టెయిల్‌ను చేర్చుకుంది. మార్చడం కుదరకపోతే, పిలిచే ఫంక్షన్ కన్నా పిలిపించుకునేదానికి స్టాక్‌లో ఎక్కువ జాగా కావాలనో, ఈ ప్రాసెసర్‌పై సాధ్యం కాదనో చెబుతుంది. అదే ఏడాది వచ్చిన పైథాన్ 3.14లో ఒక కొత్త రకం ఇంటర్‌ప్రెటర్ ఈ గుర్తు మీదే ఆధారపడింది.

ఏ వరుస, ఏ కారణం, ఏం మారిస్తే కుదురుతుంది అన్న మూడూ చెప్పినప్పుడే ఆ సందేశం పూర్తయినట్టు. మూడోది నేటికీ చాలాచోట్ల లేదు. మీరు రాసే భాషలో ఇలాంటి గుర్తు ఉంటే, లోతుగా వెళ్లే ప్రతి రికర్షన్‌కూ పెట్టండి.