సెలవుల ముందు గట్టెక్కిన రేవుల బిల్లు

మన పొలాలకొచ్చే యూరియా, పొటాష్ ఓడలు విశాఖ రేవులో దిగుతాయి. ఆ రేవు చార్జీలు ఎవరు ఖరారు చేయాలో తేల్చే చట్టం నాలుగేళ్లకు పైగా పార్లమెంటులో నానింది.

ప్రధాన రేవుల బిల్లు మొదట 2016 డిసెంబరులో లోక్‌సభకొచ్చింది. స్థాయీ సంఘం చూసింది. ఇంతలో 2019లో సభ రద్దయింది, దాంతో బిల్లూ పోయింది. చాలామంది పొరబడేది ఇక్కడే. సమావేశాలకు సెలవులిస్తే బిల్లు ఎక్కడికీ పోదు. లోక్‌సభ రద్దయితేనే అక్కడున్న బిల్లు మురిగిపోతుంది.

2020 మార్చిలో మళ్లీ పెట్టారు. ఏ బిల్లుకు ఎన్ని గంటలో బీఏసీ అనే సభా వ్యవహారాల సలహా సంఘం చెబుతుంది. రోజులే తగ్గితే చర్చ ఎక్కణ్నుంచి వస్తుంది? అక్టోబరు 1 దాకా జరగాల్సిన వర్షాకాల సమావేశాలను కరోనా వల్ల సెప్టెంబరు 23నే ముగించారు. మూడు వ్యవసాయ బిల్లులూ ఆ హడావుడిలోనే నెగ్గాయి. రేవుల బిల్లును లోక్‌సభ ఆమోదించింది సరిగ్గా ఆ చివరి రోజే. శీతాకాల సమావేశాలు అసలు జరగలేదు. ఆఖరికి 2021 ఫిబ్రవరి 10న, బడ్జెట్ విరామానికి రెండ్రోజుల ముందు, రాజ్యసభ సరేనంది.

అంతకుముందు రేట్లు నిర్ణయించింది టారిఫ్ అథారిటీ. ఇప్పుడా పని రేవు పాలక మండలిదే. యూరియా ధర కేంద్రమే కడుతుంది గనుక చార్జీ పెరిగినా బస్తా రేటు మారదు. పొటాష్‌కు అలాంటి కట్టు ధర లేదు.